తెరపై మానసిక చికిత్స: ఎవరికి తగును? ఎవరికి తగదు?

(ఆమదాలవలసలో జరిగిన ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ సమావేశానికి పిలిచినప్పుడు నిర్వాహకులు నా ముందు ఒక ప్రశ్న ఉంచారు. "ఫోనులోనే, వీడియోలోనే మానసిక చికిత్స చేస్తామని ఎన్నో ప్రకటనలు వస్తున్నాయి. మన పిల్లలు, మన ఆడపడుచులు కొందరు వాటిని ఆశ్రయిస్తున్నారు కూడ. అది మంచిదో చెడ్డదో చెప్పండి" అన్నారు. దీనికి ఒక్క మాటలో సమాధానం లేదు. ఏ మందైనా అందరికీ పనిచేయదు; అందరికీ వికటించదు. ఏ బాధకు, ఏ చోట కూర్చుని, ఎవరి చేత, ఏ భాషలో అన్న నాలుగు విషయాలు చూచిన తర్వాతనే ఎవరికి వారు నిర్ణయించుకోవలసి ఉంటుంది. ఆ నాలుగింటినీ ఈ రోజు మీతో కలిసి పరిశీలించాలని వచ్చాను.

అంతకు ముందు నా పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం ఒక యువకుడు ఇషా నమాజు తర్వాత నా ప్రక్కన వచ్చి కూర్చున్నాడు. నెలల తరబడి నిద్ర లేదన్నాడు. తిండి సహించడం లేదన్నాడు. చదివినది తలకెక్కడం లేదన్నాడు. నేను అతనిని ఖుర్ఆన్ పారాయణం చేయమని, జిక్ర్ చేయమని, అల్లాహ్‌పై భారం వేయమని చెప్పి పంపాను. ఆ సలహా తప్పు కాదు, కాని చాలనిది. ఆ అబ్బాయి అప్పటికే అవన్నీ నాకంటె శ్రద్ధగా చేస్తున్నాడు. నా మాట విన్న తర్వాత అతనికి కొత్తగా దక్కింది ఒక్కటే: తన ఈమాన్‌లోనే ఏదో లోపం ఉన్నదన్న అనుమానం. చివరకు అతనిని నిలబెట్టింది ఫోనులో మాట్లాడిన ఒక నిపుణురాలు, ఆమె పంపగా వెళ్లి కలిసిన ఒక వైద్యుడు. ఇప్పుడు అతడు ఉద్యోగం చేసుకుంటున్నాడు. జమాఅత్‌తో నమాజూ చేస్తున్నాడు. "ఎన్నాళ్ల నుంచి ఇలా ఉన్నది? ఎవరికైనా చూపించుకున్నావా?" అని ఆ రాత్రి నేను అడగవలసింది. అడగలేదు. ఆ లోటు కొంతైనా తీర్చుకోవడానికే ఈ ప్రసంగం.

విశ్వాసం, వ్యాధి

మనసుకు వ్యాధి రావడం విశ్వాస లోపమని మనలో చాలామంది నమ్ముతారు. యాఖూబ్ ప్రవక్త (అలైహిస్సలాం) కుమారుని ఎడబాటుతో కుమిలి కుమిలి కంటిచూపు పోగొట్టుకున్నారని దివ్య ఖుర్ఆన్ తెలుపుతున్నది. ఆయన విశ్వాసాన్ని శంకించేవారు మనలో ఉన్నారా? మన ప్రవక్త (స) జీవితంలో హజ్రత్ ఖదీజా (రజి), పెదతండ్రి అబూ తాలిబ్ కన్నుమూసిన సంవత్సరానికి చరిత్రకారులు "దుఃఖ సంవత్సరం" అనే పేరు పెట్టారు. దుఃఖాన్ని దాచిపెట్టమని మన ధర్మం మనకు చెప్పలేదు. వ్యాధికి చికిత్స ఉన్నదని, దానిని వెదకి చేయించుకోవాలని ప్రవక్త (స) బోధించారు.

మన పూర్వికులు ఆ బోధను అమలు చేసి చూపారు. 850 నుంచి 934 వరకు జీవించిన అబూ జైద్ అల్ బల్ఖీ అనే విద్వాంసుడు దేహారోగ్యంతో పాటు మనసు ఆరోగ్యం గురించి ప్రత్యేకంగా వ్రాశాడు. కోపం, భయం, దుఃఖం, పదే పదే వేధించే ఆలోచనలు అని బాధలను విభజించి, ఒక్కొక్కదానికి ఉపాయం చెప్పాడు. 1284లో కైరోలో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన వైద్యశాలలో మానసిక రోగులకు ప్రత్యేక విభాగం ఉండేది.

ఆ వారసత్వం గల మనమే ఒక ఘోరాన్నీ చూచాము. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గాకు వచ్చే మానసిక రోగులను ఉంచే ఒక గృహంలో నిప్పంటుకున్నది. అక్కడివారిని గొలుసులతో కట్టివేసి ఉంచడం వలన తప్పించుకోలేక 28 మంది సజీవ దహనమయ్యారు. వారిని అక్కడ వదిలినవారు శత్రువులు కారు; తల్లిదండ్రులు, అన్నదమ్ములు. వేరే దారి తెలియక, తెలిసినా అందక అక్కడ వదిలారు. కనుక ఈ రోజు ఫోనులోనైనా ఒక దారి తెరుచుకుంటే దానిని తేలికగా త్రోసిపుచ్చకూడదు. అది ఎక్కడికి తీసుకుపోతుందో చూడకుండా నడవనూ కూడదు.

మన ఊరి స్థితి

ఒకప్పుడు ఫౌజుదారుల ఏలుబడిలో గుల్షనాబాద్ అని పేరు పొందిన శ్రీకాకుళం మనకు ప్రక్కనే ఉన్నది. అయినా నేడు ఈ జిల్లా జనాభాలో మనం నూటికి ఒక్కరం కూడ లేము. ఇంత చిన్న సముదాయంలో ఎవరి గుట్టూ నిలవదు. మానసిక వైద్యుని గది ముందు బల్లపై ఒక అమ్మాయి కూర్చుంటే, ఆమె ఇల్లు చేరకముందే ఆ వార్త ఇల్లు చేరుతుంది. మరునాడు పెళ్లి సంబంధం వెనుకకు పోతుంది. మగవారు హైదరాబాదుకో, చెన్నైకో, గల్ఫ్ దేశాలకో వలసపోయిన ఇండ్లలో ఆడవారిని ఆసుపత్రికి తోడు తీసుకుపోయే మనిషే ఉండడు. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు పోవాలంటే నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణం. ఉదయం శ్రీకాకుళం రోడ్ స్టేషనులో రైలెక్కినవారు తిరిగి వచ్చేసరికి ఒక రోజు కూలి పోయినట్లే.

2015-16లో బెంగళూరులోని నిమ్హాన్స్ 12 రాష్ట్రాలలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిపింది. వయోజనులలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారని, వ్యాధిని బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేల్చింది. మన రాష్ట్రం ఆ 12లో లేదు. మన పరిస్థితి అంతకంటె మెరుగని అనుకోవడానికి నాకు కారణమేదీ కనిపించదు.

తెర మీది చికిత్సకు గల బలం ఇక్కడే ఉన్నది. దూరం తగ్గుతుంది, బల్లపై కూర్చునే పని తప్పుతుంది. మహిళకు మహిళా నిపుణురాలు దొరుకుతుంది. సాధారణ స్థాయిలోని దిగులుకు, ఆందోళనకు వీడియో ద్వారా క్రమబద్ధంగా చేసే చికిత్స ఎదురుగా కూర్చుని చేసే దానికి దాదాపు సాటి అని అనేక దేశాల పరిశోధనలు చెబుతున్నాయి. ఇక ఆ నాలుగు విషయాలకు వద్దాము.

మొదటిది: బాధ ఏమిటి?

నిద్రలేమి, దిగులు, గుండెదడ, పరీక్షల భయం, కాన్పు తర్వాత కమ్మే నిస్పృహ, ఆప్తుల మరణం, దాంపత్య కలహం వంటి వాటికి తెర ద్వారా ఆరంభించవచ్చును. కొన్ని బాధలకు అది మేలు కూడ. మన ఇండ్లలో వుజూ పదే పదే చేసేవారు, నమాజు చెడిందేమోనని మళ్లీ మళ్లీ మొదలుపెట్టేవారు ఉన్నారు. దానిని వస్వాస్ అంటాము. కొందరిలో అది అతిశయించి వ్యాధిగా మారుతుంది. కుళాయి దగ్గర గంట గడిచినా తృప్తి ఉండదు. అట్టివారికి మాటలతోనూ అభ్యాసాలతోనూ చేసే చికిత్స ఉన్నది. వ్యాధి వేధించే ఆ కుళాయి దగ్గరే, ఆ జానమాజు మీదే నిపుణుడు ఫోనులో తోడుండి అభ్యాసం చేయించగలడు. ఆసుపత్రి గదిలో అది కుదరదు.

మరి కొన్ని బాధలకు తెర చాలదు. లేని స్వరాలు వినిపించేవారు, అందరూ తనపై కుట్ర పన్నుతున్నారని గట్టిగా నమ్మేవారు, రోజుల తరబడి నిద్ర లేకుండా అతిగా మాట్లాడుతూ ఉన్నదంతా ఖర్చు పెట్టేవారు, సారా లేక మత్తుమందు మానగానే వణుకు, మూర్ఛ వచ్చేవారు, అన్నం నీళ్లు ముట్టనివారు నేరుగా వైద్యుని వద్దకు వెళ్లాలి. ఆయాసం, బరువు తగ్గడం, గుండెదడలకు థైరాయిడ్, రక్తహీనత వంటి దేహ కారణాలూ ఉండవచ్చును. నాడి పట్టి, రక్తం పరీక్షించి చూడవలసిన పని కెమెరా చేయలేదు.

ప్రాణం తీసుకోవాలనే ఆలోచన వచ్చినవారిని ఒంటరిగా విడువకండి, మందలించకండి, "హరామ్" అని చెప్పి సంభాషణ ముగించకండి. ప్రక్కన కూర్చోండి. పురుగుమందు, మాత్రల వంటివి అందకుండా తీసివేయండి. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి, లేదా 108కి ఫోను చేయండి. వారం తర్వాత కుదిరే వీడియో సమయం కోసం వేచి ఉండే బాధ కాదది.

రెండవది: చోటు ఎక్కడ?

ఒక సోదరి చెప్పిన మాట ఇది. ఆమె ఎవరో తెలియకుండా చెబుతాను. ఆమె వీడియో చికిత్సకు డబ్బు కట్టింది. ఇంట్లో రెండు గదులు, ఏడుగురు మనుషులు. అత్తగారు గుమ్మంలో, పిల్లలు ఒడిలో. నిపుణురాలు "ఇంట్లో మిమ్మల్ని ఎవరైనా బాధిస్తున్నారా?" అని అడిగింది. ఆమె "లేదండీ, అందరూ మంచివారే" అన్నది. నాలుగు వారాలు ఆ అబద్ధానికే రుసుము చెల్లించింది.

తెర వీధి కన్ను నుంచి కాపాడుతుంది. ఇంటి చెవి నుంచి కాపాడలేదు. కనుక ముందే ఆలోచించుకోవాలి. వారానికి ముప్పావు గంట తలుపు వేసుకునే చోటు నాకు ఉన్నదా? ఆ ఫోను నా ఒక్కరిదేనా? దానికి వచ్చే సందేశాలు, చెల్లింపు వివరాలు ఎవరు చూస్తారు? చోటు లేనివారు ఫజ్ర్ తర్వాత మేడ మీద, లేక నాగావళి ఒడ్డున నడుస్తూ మాట మాత్రం మాట్లాడవచ్చును. వీడియో తప్పనిసరి కాదు. ఇయర్‌ఫోను పెట్టుకుంటే ఎదుటివారి ప్రశ్నలు బయటకు వినిపించవు. ఇంట్లో కొట్టేవారు, బెదిరించేవారు ఉంటే ఆ ఇంటి నుంచి మాట్లాడటమే ప్రమాదం. అట్టివారు పుట్టింటికో ఆసుపత్రికో చేరిన తర్వాతనే మాట్లాడాలి. మహిళల కొరకు 181 సహాయ సంఖ్య ఉన్నది.

విద్యుత్తు, సిగ్నలు సంగతి కూడ మరువకండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మన జిల్లాలో ఎన్నో గ్రామాలు రోజుల తరబడి చీకటిలో ఉండిపోయాయి. మనిషికి ఆసరా అత్యవసరమైన రోజునే తెర మూగబోవచ్చును. కనుక తెరతో పాటు, నడిచి చేరగల ఒక మనిషి తోడు కూడ ఏర్పరచుకోవాలి.

మూడవది: ఎవరి చేత?

మానసిక వైద్యుడు అనగా వైద్యశాస్త్రం చదివి, మానసిక వైద్యంలో పైచదువు చదివినవాడు. మందులు వ్రాసే అధికారం ఆయనకు ఉన్నది. క్లినికల్ సైకాలజిస్ట్ మాటలతోనూ అభ్యాసాలతోనూ చికిత్స చేస్తారు. వారికి 1992 నాటి చట్టం కింద భారత పునరావాస మండలిలో నమోదు ఉండాలి. "కౌన్సెలర్", "కోచ్" అని బోర్డు పెట్టుకున్న ప్రతివారికీ అట్టి నమోదు ఉండదు. అందరూ మోసగాళ్లని నా భావం కాదు. మీ చదువు ఏమిటి, నమోదు సంఖ్య ఎంత అని అడిగే హక్కు మనకు ఉన్నదని చెబుతున్నాను. సంకోచం లేకుండా చెప్పేవారే తగినవారు.

2020 మార్చి 25న కేంద్రం వైద్యుల కొరకు టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వెలువరించింది. వాటి ప్రకారం వైద్యుడు తన నమోదు సంఖ్యను చీటీ మీద తెలపాలి. ఫోను ద్వారా తగదని తోస్తే నేరుగా రమ్మని చెప్పాలి. కొన్ని తరగతుల మందులు ఆన్‌లైన్‌లో వ్రాయరాదు. ఏ దశలోనైనా సంప్రదింపు ఆపివేసే హక్కు రోగికి ఉన్నది. కనుక ఒక్క నిమిషం మాట్లాడి నిద్రమాత్రలు వ్రాసేవారిని, ఆరు నెలల సొమ్ము ముందే కట్టమనేవారిని, పూర్తిగా నయం చేస్తామని హామీ ఇచ్చేవారిని విడిచిపెట్టండి.

డబ్బు లేనివారికి కూడ దారి ఉన్నది. 2022 అక్టోబరు 10న ఆరంభమైన టెలి మానస్ ప్రభుత్వ సేవ. 14416కు ఫోను చేస్తే రాత్రింబగళ్లు ఉచితంగా మాట్లాడతారు, తెలుగులో మాట్లాడవచ్చును. స్మార్ట్‌ఫోను అక్కరలేదు, బొత్తాల ఫోను చాలు. ఏ దారి పట్టాలో తెలియనివారు మొదటి అడుగు అక్కడ వేయవచ్చును.

నాలుగవది: ఏ భాషలో, ఏ మన్ననతో?

ఇంట్లో "దిల్ ఘబ్‌రా రహా" అనే అమ్మ, బజారులో "మనసు మనసులో లేదు" అంటుంది. రెండూ ఒకే బాధ. ఇంగ్లీషులో అడిగే నిపుణునికి ఆ రెండూ చేరవు. అమ్మ "తలనొప్పి" అని ముగిస్తుంది. తాను ఏ భాషలో ఏడుస్తుందో ఆ భాషలో చికిత్స దొరకడం చికిత్సలో సగభాగం. తెర వలన హైదరాబాదులోనో కర్నూలులోనో ఉన్న ఉర్దూ తెలిసిన నిపుణురాలు ఆమదాలవలస ఇంటికి అందుతుంది. మన వంటి అల్పసంఖ్యాకులకు ఇది చిన్న మేలు కాదు.

మన్నన సంగతి. హిజాబ్ చూడగానే "మీ బాధకు ఇదే కారణం" అని తేల్చేవారి వద్ద మనసు విప్పలేము. అద్దెకు ఇల్లు ఇవ్వలేదని, తరగతిలో పేరు పెట్టి ఎగతాళి చేశారని చెబితే "మీరు ఎక్కువగా ఊహించుకుంటున్నారు" అనేవారికి మన బాధలో సగం కనిపించదు. అట్లని నిపుణుడు ముస్లిమే కావాలన్న నియమం లేదు. మన మతస్థుడై ఉండి మాటిమాటికీ ఉపదేశం చేసేవాడు కూడ మనకు అంతే దూరం. నేను చెప్పిన యువకునికి ఆసరా ఇచ్చిన ఆ నిపుణురాలు ముస్లిం కాదు. మొదటి రోజున అతనిని "మీ ప్రార్థన వేళలు ఏవి? ఆ సమయాలు విడిచిపెట్టి కలుద్దాము" అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నతో తనకు ఊపిరి వచ్చిందని అతడు నాతో అన్నాడు.

మూడు నాలుగు సార్లు మాట్లాడి చూడండి. ఆ తర్వాత, నేను నిజం చెప్పగలుగుతున్నానా, నిద్ర, ఆకలి, పని ఏ కొంచెమైనా కుదుటపడ్డాయా అని మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోండి. రెండింటికీ లేదనే సమాధానం వస్తే మనిషిని మార్చండి, లేదా నేరుగా కలిసే చికిత్సకు వెళ్లండి. చికిత్స వదిలివేయకండి. మందులు వాడుతున్నవారు వైద్యునితో మాట్లాడకుండా వాటిని ఆపకండి.

ఇది దయ కాదు, హక్కు

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమలులో ఉన్నది. దాని 18వ సెక్షన్ మానసిక చికిత్సను ప్రతి వ్యక్తి హక్కుగా గుర్తించింది. మతం, కులం, స్త్రీ పురుష భేదం, వర్గం కారణంగా వివక్ష చూపరాదన్నది. ఒక మత సముదాయానికి చెందినవాడన్న కారణంతో, సముదాయంలోని విశ్వాసాలకు భిన్నంగా నడుస్తున్నాడన్న కారణంతో ఎవరినీ మానసిక రోగిగా నిర్ణయించరాదని 3వ సెక్షన్ చెబుతున్నది. ఆ రెండవ మాట మన ఇండ్లకూ వర్తిస్తుంది. మన మాట వినని కూతురు రోగి కాదు. రోగి విషయాలు గోప్యంగా ఉంచాలని 23వ సెక్షన్, గొలుసులతో బంధించడం నిషిద్ధమని 95వ సెక్షన్ ఆదేశిస్తున్నాయి. ఆత్మహత్యకు యత్నించినవారు తీవ్ర ఒత్తిడిలో ఉన్నారనే భావించాలని, వారికి సంరక్షణ అందించడం ప్రభుత్వ విధి అని 115వ సెక్షన్ చెప్పింది.

ఇక్కడ ఒక హెచ్చరిక. "14416 ఉన్నది కదా" అని చెప్పి జిల్లాలో వైద్యులను నియమించకుండా ఉండే వీలు ఏ ప్రభుత్వానికీ ఇవ్వకూడదు. ఫోను ఆసుపత్రికి తోవ చూపాలి. ఆసుపత్రికి బదులు కారాదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో 1996 నుంచి ఉన్నది. ఆ వైద్యులు మన ఊరి ప్రభుత్వ ఆసుపత్రికి ఏ రోజున వస్తారో అడిగి తెలుసుకుందాము. రాకపోతే రమ్మని అర్జీ పెడదాము. ఆ అర్జీపై మన సంతకాలే కాక వీధిలోని హిందూ, క్రైస్తవ సోదరుల సంతకాలూ ఉండాలి. ఈ బాధ అందరిదీ.

చివరగా మసీదు కమిటీ పెద్దలకు ఒక విన్నపం. మసీదు ఆవరణలో తలుపు గల ఒక చిన్న గదిని చదువుల గదిగా ఏర్పాటు చేయండి. ఒక కుర్చీ, ఒక ప్లగ్గు, వైఫై చాలు. స్త్రీలకు వేరు వేళలు కేటాయించండి. పిల్లలు ఆన్‌లైన్ తరగతులకు, యువకులు ఉద్యోగ పరీక్షలకు దానిని వాడుకుంటారు. ఎవరైనా ముప్పావు గంట తలుపు వేసుకుని తమ మనసు చెప్పుకుంటే, వారు దేనికి వచ్చారని ఎవరూ అడగరు. వైజాగు వెళ్లవలసిన పేదవారికి బైతుల్‌మాల్ నుంచి దారి ఖర్చు ఇవ్వండి. తావీజు కోసం వచ్చినవారిని కసురుకోకుండా, ఎన్నాళ్ల నుంచి ఈ బాధ అని ఇమాము సాహెబు ఒక్క ప్రశ్న వేసి 14416 అంకె చేతికిస్తే, నా వలె పొరపాటు చేసినవారమవకుండా ఉంటాము.

బాధలో ఉన్నవారికి అల్లాహ్ స్వస్థత ప్రసాదించుగాక. వారి మాట ఓపికగా వినే మనసు మనకు ప్రసాదించుగాక. ఆమీన్.